గాజునందలి ఇనుము

మన భాషలో గాజు అను మాట రెండు పనులు చేయుచున్నది. కిటికీకి బిగించునది గాజు. ముంజేతికి తొడుగుకొనునదియు గాజే. తమిళులకు చేతి ఆభరణము వళైయల్, పదార్థము కణ్ణాడి. కన్నడిగులు పదార్థమును మనవలెనే గాజు అందురు గాని, చేతికి తొడుగుదానిని బళె అని వేరుగా పిలుతురు. మరాఠీవారికి కాచ ఒకటి, బాంగడి మరొకటి. మనకు మాత్రము పదార్థమే ఆభరణము. ఈ అభేదము మనలో ఎంతగా పాతుకొన్నదనగా, కంసాలి బంగారముతో చేసి యిచ్చినదానిని గూడ మనము నిస్సంకోచముగా బంగారు గాజులని అనుచున్నాము. అందు గాజు లేశమైనను లేదన్న సంగతి ఎవరికిని తోచదు.

పరభాషల నడుమ తరతరములుగా కాపురమున్న మన యిండ్లలో ఈ మాట భద్రముగా నిలిచినది. వంటయింటి మాటలలో సగము ఇరుగుపొరుగువారివి అయిపోయిన కుటుంబములలో సైతము సీమంతమునాడు కోడలికి గాజులు తొడిగించుట అనియే అందురు. చెన్నపట్టణమున ప్రజాజీవనమునకు తొలి బాటలు వేసిన లక్ష్మీనరసు చెట్టిగారి (1806-1868) యింటిపేరు గాజులవారు. గాజుల మలారము భుజమున వేసికొని బయలుదేరిన మనవారు తమిళదేశమున నలుమూలల ఎట్లు స్థిరపడిరో ఆ కథ విడిగా వ్రాయదగినది. మేమిచట వ్రాయబూనినది గాజులమ్మినవారిని గూర్చి కాదు. గాజు లోపల మనకంటె ముందే కాపురము పెట్టిన ఒక వస్తువును గూర్చి. అది ఇనుము.

ఇనుము గాజులో ఉండుటేమని సందేహించువారు ఒక చిన్న పని చేయవచ్చును. మామూలు కిటికీ అద్దము నొకదానిని తీసి, ఎదురుగా గాక అంచు వైపునుండి చూడవలెను. ఎదుట స్వచ్ఛముగా కనిపించిన అద్దము అంచున చెరువు నీటివలె ఆకుపచ్చగా నుండును. ఆ పచ్చదనము ఇనుముది. అద్దమునందు దాని పాలు సుమారు వేయింటికి ఒక వంతు మాత్రమే. అయినను వెలుగు అద్దమునందు మూరెడు దూరము ప్రయాణము చేయునప్పటికి ఆ కొంచెమే రంగుగా పేరుకొనును. ఇసుకతో పాటు ఇనుము రాక తప్పదు. భూమిపై పొరలో ఆమ్లజని, సిలికాను, అల్యూమినియముల తరువాత అధికముగా నున్నది ఇనుమే గదా!

మన దక్షిణాపథమున చేసిన పాత గాజులో ఈ ఇనుము మరింత హెచ్చు. ఆ కారణముననే మన గాజు ముతకదని, మురికిదని, చేతగాని పనియని పూర్వపు పరిశీలకులు కొందరు తేల్చివేసిరి. ఆ తీర్పు ఎంతవరకు న్యాయమో తెలియవలెనన్నచో, ఇనుము గాజునందు ఎచ్చట కూర్చుండునో, అచ్చట ఏమి పని చేయునో మొదట తెలిసికొనవలెను. ఆ జ్ఞానము గడచిన తొంబది ఏండ్లలో ఏర్పడినది. కొలిమి మాత్రము రెండువేల ఏండ్ల నాటిది.

పలుగురాతిలో ప్రతి సిలికాను పరమాణువు చుట్టును నాలుగు ఆమ్లజని పరమాణువులు, అనగా ఆక్సిజను పరమాణువులు, చతుర్ముఖి యాకారమున నిలిచియుండును. ప్రతి ఆమ్లజనియు రెండు సిలికానులను కలుపు ముడి. పలుగురాతియందు ఈ అల్లిక నేత చీరవలె క్రమము గలది. గాజునందు అవే చతుర్ముఖులు, అవే ముడులు; కాని వరుస లేదు, పాదు మీది తీగవలె ఇష్టము వచ్చినట్లు అల్లుకొనును. నార్వే దేశస్థుడు జకారియాసెన్ చికాగోలో నుండి 1932లో ప్రకటించిన వ్యాసము ఈ భావమునకు మూలము. పలుగురాయి కరగవలెనన్న 1,700 డిగ్రీలకు మించిన వేడి కావలెను. పూర్వపు కొలిమి ఏదియు అంతటి వేడి నీయజాలదు. కావున దానికి సోడా చేర్చుదురు. సోడాలోని సోడియము అల్లికలోని కొన్ని ముడులను తెంపును. అల్లిక సడలి తక్కువ వేడికే కరగును. సున్నము కూడ ముడులు తెంపునదే కాని, గాజు నీటికి కరగిపోకుండ గట్టిపరచును. అల్లిక కట్టువారు కొందరు, సడలించువారు కొందరు అని గాజుశాస్త్రజ్ఞులు పదార్థములను రెండు తెగలుగా విభజించుట అప్పటినుండి వాడుక.

ఇనుము ఏ తెగకు చెందినది? రెండింటికిని. ఇదియే దాని విచిత్రము.

ఇనుము గాజునందు రెండు రూపములలో నుండును. మూడు విద్యుదావేశములు గలది ఫెర్రిక్ అయాను. రెండు గలది ఫెర్రస్ అయాను. ఫెర్రిక్ ఇనుము అల్లికలోనికి చొరబడి, సిలికాను కూర్చుండవలసిన పీటమీద, నాలుగు ఆమ్లజనుల నడుమ తాను కూర్చుండగలదు. అయితే సిలికానుకు నాలుగు ఆవేశములు, దీనికి మూడే. ఆ లోటును ప్రక్కనే నిలిచిన సోడియము అయాను ఒకటి పూడ్చవలెను. అనగా ఫెర్రిక్ ఇనుమునకు అల్లికలో స్థానము దొరకవలెనన్న ఒక సోడియము జామీను ఉండవలెను. జామీనుగా పోయిన సోడియమునకు ఇక ముడులు తెంపు పని లేదు. కావున గాజు మరల బిగియును. సోడియము చాలనప్పుడు మిగిలిన ఫెర్రిక్ ఇనుము అల్లిక బయట, అయిదారు ఆమ్లజనుల నడుమ నిలువవలసినదే. ఫెర్రస్ ఇనుమైననో పెక్కుపాళ్లు బయటనే, సందులలో నుండి, సున్నమువలె అల్లికను సడలించుచు కరగిన గాజును పలుచన చేయును. ఒకే లోహము ఒక రూపమున గోడకట్టు రాయి, మరొక రూపమున గోడ వదులు చేయు పలుగు. పరదేశమున స్థిరపడిన మన సంఘములవారికి ఈ జామీను ముచ్చట చదువునప్పుడు ఏవేవో జ్ఞప్తికి రాకపోవు. కాని ఆ పోలికను మేము సాగదీయము.

ఏ రూపమున ఎంత ఇనుము నిలుచునో నిర్ణయించునది కొలిమి. గాలి బాగుగా ఆడు కొలిమిలో ఫెర్రిక్ రూపము హెచ్చు. మామూలు సోడా సున్నపు గాజును గాలిలో కరగించినచో ఇనుములో సుమారు ముప్పాతిక వంతు ఫెర్రిక్కుగానే యుండును. పొగ క్రమ్మిన మంటలోను, బొగ్గు కలిసినప్పుడును ఫెర్రస్ పెరుగును. వేడి హెచ్చిన కొలదియు ఫెర్రస్ వైపే మొగ్గును. సోడా హెచ్చినచో మరల ఫెర్రిక్ వైపు మొగ్గును, జామీనులు హెచ్చినవి గనుక. ఇసుక, చౌడు, కట్టె, గాలి, పొగ, సమయము, ఇన్నింటి తగవును తీర్చునది ఇనుము. ఆ తీర్పు మనకు రంగుగా కనిపించును. ఫెర్రిక్ ఇనుము గాజునకు నీరసమైన పసుపువన్నె నిచ్చును. ఫెర్రస్ ఇనుము ఎరుపు వైపు వెలుగును, అంతకు మించి కంటికి కనబడని వేడి కిరణములను మ్రింగి నీలివన్నె నిచ్చును. దాని శక్తి మొదటిదానికంటె సుమారు పది రెట్లు. రెండును కలిసినప్పుడు ఆకుపచ్చ. తెలుగువాడు పసుపునకును ఆకువన్నెకును పచ్చ అను ఒక్క మాటనే పెట్టుకొన్నాడు. ఇనుపగాజును చూచినవానికి అది అంత తప్పుగా తోచదు.

వేడి కిరణములను మ్రింగు గుణమును గూర్చి ఒక మాట చెప్పవలెను. ఇనుము హెచ్చిన గాజుముద్దలో మంట వేడి పైపొరనే ఆగిపోవును, అడుగునకు దిగదు. పెద్ద తొట్టిలో అట్టి గాజును సమముగా కరగించుట నేటికిని చిక్కుపనియే. చిన్న మూసలలో, కొద్దికొద్దిగా, రోజుల తరబడి కరగించిన పాత పద్ధతి వెనుకబాటుతనమని చెప్పుట తేలిక. వారి ముడిసరుకునకు అది తగినదే యని చూచుటకు కొంత తీరిక కావలెను. నేడు మోటారు బండ్ల అద్దములకు కావలెనని ఇనుము చేర్చి లేత ఆకుపచ్చగా చేయుటకు కారణము ఈ గుణమే. ఎండ వెలుగు లోనికి రావలెను, వేడి రాకూడదు.

ఇక చరిత్రకు వత్తము. పుదుచ్చేరికి దక్షిణమున, అరియాంకుప్పము ఏటి గట్టున అరికమేడు గలదు. పుదుచ్చేరిలో పెక్కేండ్లు గడపి దక్కను చరిత్ర వ్రాసిన ఫ్రెంచి ఆచార్యుడు జూవో-దుబ్రెయి ఆ దిబ్బ విలువను గుర్తించినవారిలో ముఖ్యుడు. 1945లో మార్టిమర్ వీలర్ అచ్చట త్రవ్వించగా రోము దేశపు మట్టిపాత్రలు బయటపడి లోకమంతట పేరు మ్రోగినది. యానాము అప్పటికి పుదుచ్చేరితో పాటు ఫ్రెంచివారి ఏలుబడియందే యుండెను; నేటికిని ఒకే పరిపాలన క్రింద నున్నది. కావున యానాము తెలుగువారు అరికమేడును పరాయి యూరని తలపనక్కరలేదు. రోము కుండలను గూర్చి వ్రాసినవారు పలువురు. అచ్చట మట్టిలో గుప్పెళ్లకొలది దొరకు ఆవగింజలంత గాజుపూసలను గూర్చి చాలకాలము వ్రాసినవారు తక్కువ.

అమెరికా పండితుడు పీటర్ ఫ్రాన్సిస్ ఆ పూసలకే తన జీవితము వెచ్చించెను. ఇట్టి పూసలు తూర్పు ఆఫ్రికా తీరము మొదలు కొరియా, జపానుల వరకు సమాధులలోను, పాత రేవులలోను దొరకుచున్నవి; వీనికి ఇండో-పసిఫిక్ పూసలని ఆయనయే పేరు పెట్టెను. ఒక్కొక్క పూసను విడిగా చేసినది కాదు. కరగిన గాజుముద్దను ఇనుప గొట్టమునకు పట్టించి, నడుమ బోలు ఉండునట్లు చేసి, కొలిమి కన్నమునుండి దారమువలె లాగుదురు. బోలుతో సహా సన్నని గాజునాళము వచ్చును. దానిని తునుకలుగా కోసి, బూడిద కలిపి మరల వేడి చేయగా అంచులు గుండ్రమగును. ఈ పద్ధతి ఇరువదియవ శతాబ్దపు చివరి భాగము వరకు సజీవముగా నిలిచిన యూరు మన తెలుగునాటిదే. రేణిగుంటకును శ్రీకాళహస్తికిని నడుమనున్న పాపానాయుడుపేట. ఒకనాటి చిత్తూరు జిల్లాలోని ఆ యూరు 2022 నుండి తిరుపతి జిల్లాలోనిది. తమిళతీరపు దిబ్బలో దొరకిన పూస ఎట్లు చేసినదో ఒక తెలుగు పల్లెలో కొలిమి ముందు నిలిచి తెలిసికొనవలసి వచ్చెను. ఎల్లలు గీయువారు దీనిని గమనింతురు గాక!

ఆ పాత పూసలను రసాయనజ్ఞులు పరీక్షించినప్పుడు ఒక విశేషము తేలినది. రోము సామ్రాజ్యపు గాజులో అల్యూమినా నూటికి రెండు మూడు వంతులు, సున్నము ఏడెనిమిది వంతులు. దక్షిణ భారతపు పూసలలో సున్నము స్వల్పము, అల్యూమినా అయిదు మొదలు పదునైదు వంతుల వరకు. ఇనుము సాధారణముగా ఒకటి రెండు వంతులు. కారణము మన నేలయే. రోమువారి గాజు సముద్రపు టిసుకతో చేసినది, అందు గవ్వల సున్నము కలిసియుండును. మన యిసుక నల్లరాతి కొండలు అరిగి వచ్చినది; అందు పలుగుతో పాటు ఫెల్‌స్పారు ముక్కలును, ఇనుము గల నల్లని రేణువులును ఉండును. సోడా కొరకు మనవారు వేసవిలో నేలమీద తెల్లగా పొంగు చౌడును వాడిరి. చాకలివారు బట్టలకు వాడు చౌడే అది. అల్యూమినియము కూడ ఫెర్రిక్ ఇనుమువలెనే సోడియమును జామీనుగా తీసికొని అల్లికలో చేరునది. కావున మన గాజు అల్లిక రోముగాజు అల్లికవంటిది కాదు. అల్యూమినియమును, ఇనుమును చేర్చి బిగించిన అల్లిక అది. సున్నము అంత తక్కువైనను ఆ పూసలు తడినేలలో రెండువేల ఏండ్లు కరగక నిలిచినవన్నచో అల్యూమినా చేసిన ఉపకారమే ముఖ్యము. ఇనుమునకు దానిలో చిన్నపాలు గలదు. ఒక తమాషా యేమనగా, రోము గ్రంథకర్త ప్లీనీ భారతదేశమున పగిలిన స్ఫటికముతో గాజు చేయుదురని, దానికి సాటి లేదని తన ప్రకృతి చరిత్రలో వ్రాసెను. ఆయన విన్న మాట పొగడ్తయే గాని, మన పూసలు చేసినవాని చౌడుమట్టి చేతులను ఆయనకు ఎవరును చూపినట్లు లేదు.

ఆ పూసలలో ఎక్కువగా కనిపించు ఎరుపును చూడుడు. ఇటుకవన్నె గల దట్టమైన ఎరుపు. దానికి రంగు రాగిది. రాగి గాజులో అయానుగా కరగియున్నంతవరకు ఆ యెరుపు రాదు. లోహముగా మారి కంటికానని కణములుగా విడివడవలెను. మారుటకు దానికి ఎలక్ట్రాను ఎవరైన ఈయవలెను. కొలిమి పొగ కొంత ఇచ్చును. గాజు చల్లారునప్పుడు ప్రక్కనున్న ఫెర్రస్ ఇనుము తన ఎలక్ట్రాను నొకదానిని రాగికి ధారపోసి తాను ఫెర్రిక్కుగా మారును. ఇనుము తన రంగును చూపక, ఇతరుని రంగును పండించు సందర్భమిది. ఇనుము బొత్తిగా లేని శుద్ధమైన గాజులో ఈ ఎరుపును తెచ్చుట కష్టతరము. మురికి యని యెవరు దేనిని త్రోసివేసిరో అది లేనిచో ఆ పూస లేదు.

ఇనుపగాజు మనవారికి మరొక చోటను పరిచితము. తెలంగాణమున నిజామాబాదు, కరీంనగరు ప్రాంతపు పల్లెలలో ఇనుప చిట్టెపు దిబ్బలు నేటికిని కాలికి తగులును. ఉక్కునకు పేరుపడిన కోనసముద్రము ఆ సీమలోనిదే. ఆ నల్లని చిట్టెములో మెరయు భాగము ఇనుపగాజు. ముడిరాతినుండి ఇనుమును వేరుచేయునప్పుడు అందలి పలుగును కరగించి బయటికి పంపవలెను. దానికి మనవారు వేరేమియు వేయలేదు. కొంత ఇనుమునే ఫెర్రస్ రూపమున బలియిచ్చిరి. ఫెర్రస్ ఇనుమును సిలికాయును కలిసి సుమారు 1,200 డిగ్రీలకే కరగి కాలువ కట్టును. గాజువాని కొలిమిలో గోడ గట్టిపరచిన లోహమే కమ్మరి కొలిమిలో గోడను పూర్తిగా నీరు చేసినది.

1800-1801లో ఫ్రాన్సిస్ బుకానన్ మద్రాసునుండి బయలుదేరి మైసూరు రాజ్యమంతయు తిరిగి, చూచినదెల్ల వ్రాసికొనెను. ఆ గ్రంథము 1807లో అచ్చయినది. చిత్రదుర్గపు సీమలోని మత్తోడు గ్రామమున గాజులు చేయు కొలుములను ఆయన చూచెను. కావలసిన ముడిసరుకంతయు ఆ చుట్టుప్రక్కలనే దొరకునని, ఆకుపచ్చ, ఎరుపు, నలుపు, నీలము, పసుపు అను అయిదు వన్నెలలో గాజులు చేయుదురని వ్రాసెను. గాజు మాత్రము చాల ముతకయని, వెలుగు చొరనిదని కూడ వ్రాసెను. బుకానన్ అసత్యమాడువాడు కాడు. ఆయన కన్నులకు అది ముతకయే. ఆయన దేశమున గాజు అనగా వెలుగు ధారాళముగా చొరవలసిన పదార్థము. చేతిగాజునకు ఆ పని లేదు. అది చర్మముమీద రంగుగా కనిపించవలెను, ఒకదానికొకటి తగిలి మ్రోగవలెను, నీళ్లలోను బూడిదలోను పనిచేయు చేతిమీద నిలువవలెను. ఒకరి కొలబద్దతో మరొకరి వస్తువును కొలుచుట అక్కడినుండి మొదలై, ఆ మాటయే తరువాతి పుస్తకములలోనికి నడచినది.

ఐరోపావారు ఇనుమును గాజునుండి వెళ్లగొట్టుటకు పడిన పాట్లు కూడ ఒక పెద్ద కథయే. రోమువారు అంటిమొనీని, మాంగనీసును కలిపి పచ్చదనమును పోగొట్టిరి. పదునైదవ శతాబ్దపు నడిమి కాలమున వెనీసులో ఆంజెలో బరొవియే మొదలగువారు ఏరిన పలుగురాళ్లతోను, శుద్ధిచేసిన బూడిదతోను స్ఫటికమువంటి గాజు చేసిరి. అందును మాంగనీసు వేయక తప్పలేదు. మాంగనీసు ఇనుమును తీసివేయదు. ఫెర్రస్ ఇనుమునుండి ఎలక్ట్రానును లాగికొని ఫెర్రిక్కుగా మార్చును, మిగిలిన పసుపును తన ఊదావన్నెతో కప్పిపుచ్చును. చాకలి బట్టకు నీలిమందు పెట్టుటవంటిది. అయితే ఎండలో ఏండ్లు గడచిన కొలది అట్టి అద్దములు తిరిగి ఊదారంగుకు తిరుగును. ఈ సంగతిని 1825లో మైకేల్ ఫారడే ప్రస్తావించెను. కప్పిపుచ్చిన తగవును సూర్యుడు మరల విచారణకు పెట్టినాడన్నమాట.

తెల్లగాజు మీది మోజుతో పాటు పరదేశపు గాజులు మన దేశమును ముంచినవి. ఇరువదియవ శతాబ్దారంభమున బొహీమియా సీమలోని గబ్లాంజు గాజులును, తరువాత జపాను గాజులును ఓడలలో దిగెను. స్వదేశీయుద్యమమున ఇది పెద్ద ప్రశ్నయైనది. పుణె దగ్గరి తళేగావులో ప్రజలనుండి పైసాపైసా కూడబెట్టిన పైసా ఫండుతో 1908లో గాజు కార్ఖానా నెలకొల్పిరి. జపాను, అమెరికాలలో ఈ విద్య నేర్చివచ్చిన ఈశ్వరదాసు వార్ష్ణేయగారు అందలి పనిని నడపిరి. పట్టుదల మెచ్చదగినదే. కాని కొత్త కార్ఖానాలు పరదేశపు తెల్లగాజుతో పోటీ పడినవి గాని, పాత కొలుముల పనివాండ్రను పిలిచి అడిగినవి తక్కువ. ఫిరోజాబాదు గాజులు దేశమంతట నిండిన తరువాత మత్తోడు వంటి ఊళ్ల కొలుములు చల్లారినవి.

సరిగా అవి చల్లారుచున్న దినములలోనే శాస్త్రజ్ఞులు వాని రహస్యమును వెదుక మొదలిడిరి. రంగుగాజులను గూర్చి వైల్ వ్రాసిన గ్రంథము 1951లో వెలువడినది. అందు ఇనుము అధ్యాయము చదువదగినది. వెలుగును చూచి లోపలి నిర్మాణమును ఊహించు విద్య దానితో స్థిరపడినది. 1958లో జర్మనీ యువకుడు మోస్‌బవర్ కనుగొన్న ప్రభావము ఈ పరిశోధనకు వరమైనది. దానికి 1961లో నోబెలు బహుమానము వచ్చినది. గామాకిరణములతో ఇనుము కేంద్రకమునే పలుకరించి నీకు ఆవేశములెన్ని, నీ చుట్టు ఆమ్లజనులెన్ని అని యించుమించుగా అడుగవచ్చును. 1960లో కాస్ట్నరు, ఆయన తోడివారును అయస్కాంత క్షేత్రమున ఫెర్రిక్ ఇనుము గాజునందిచ్చు సంకేతమును వివరించిరి. 4.3 అను సంఖ్య వద్ద వచ్చు ఆ సంకేతము, ఇనుము వంకరటింకర స్థానమున నున్నదని తెలుపును. అది నాలుగు ఆమ్లజనుల నడుమనే యున్నదనుటకు సాక్ష్యమని కొందరు త్వరపడి అన్నారు. అంతమాత్రముచే అది తేలదని తరువాత స్పష్టమైనది. ఫెర్రిక్ ఇనుములో ఎంతపాలు నాలుగింటి నడుమ, ఎంతపాలు అయిదింటి నడుమ అను చర్చ నేటికిని ముగియలేదు. పాపానాయుడుపేటకు పొరుగుననే, తిరుపతిలో 1954లో స్థాపితమైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునను భౌతికశాస్త్రజ్ఞులు గాజులలోని ఇట్టి లోహపు అయానుల సంకేతములను కొలిచి అనేక పత్రములు ప్రకటించిరి. బస్సు ఎక్కి పోదగిన దూరమున ఒకచోట కొలిమి, ఒకచోట ప్రయోగశాల!

ఇనుమును నిజముగా వెళ్లగొట్టవలసిన అక్కర మన కాలమున కలిగినది. గాజుదారముగుండ మాటలను వెలుగుగా పంపవచ్చునని 1966లో చార్లెస్ కావో తన తోడి హాకమ్‌తో కలిసి వ్రాసినప్పుడు, వెలుగును మ్రింగు ప్రధాన శత్రువు ఇనుమేయని గుర్తించెను. పదిలక్షలకు ఒక వంతుకు దానిని తగ్గించవలెనన్నాడు. 2009లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చినది. ఎండనుండి విద్యుత్తు తీయు పలకలమీది అద్దమునకును ఇనుము పనికిరాదు. వెలుగు దూరము పోవలసినచోట ఇనుము దోషము. ఇందు వివాదము లేదు. దోషమా గుణమా అనునది వస్తువు చేయవలసిన పనినిబట్టి యుండును గాని ఇనుమునుబట్టి కాదు.

ఇట్టి సంచికలలో మన పూర్వులకు సర్వము తెలియునని వ్రాయు వాడుక ఒకటి గలదు. మేము దానికి పూనుకొనము. అరికమేడు పూసవానికి ఎలక్ట్రాను తెలియదు, అయాను తెలియదు, జామీను సోడియమును తెలియదు. తెలిసినది మంట. ఏ కట్టె పొగయిచ్చునో, ఏ చెరువుగట్టు చౌడు ఏ ఋతువులో బలముగా నుండునో, ముద్ద ఏ వన్నెకు వచ్చినప్పుడు కన్నము మూయవలెనో తెలిసెను. ఎరుపు కావలసినప్పుడు ఎరుపు, నలుపు కావలసినప్పుడు నలుపు తేగలిగెను. వేలకొలది పూసలలో ఒకే వన్నె నిలుపగలిగెను. దీనిని విద్య యనక మరేమందుము? అట్లని దానిని నేటి రసాయనశాస్త్రమని చెప్పుకొన్నచో, ఆ పనివాని విద్యకే అన్యాయము చేసినవారమగుదుము. అది వేరొక దారిన సంపాదించినది. దురదృష్టమేమనగా, వ్రాతలో లేనిది గనుక ఒక తరము కొలిమి మానివేసినంతనే అది మాయమగును. మన కుటుంబములలో తాతలనాడు గాజులమ్మినవారు, పూసలు గ్రుచ్చినవారు, కొలుములకు చౌడు మోసినవారు ఉన్నచో, వారి నోటినుండి మిగిలిన మాటలను ఈ సంఘమువారు వ్రాయించి ఉంచుట మంచిది. ఏ చౌడును ఏమని పిలిచిరి, ఏ రంగునకు ఏ రాయి వేసిరి అను చిన్న మాటలే ముఖ్యము.

మా యింట పాతపెట్టె అడుగున ఒక నల్లగాజు ముక్క గలదు. మా మామ్మగారిదని చెప్పుదురు. ఏ ఊరి కొలిమిదో చెప్పగలవారు లేరు. చేతిలో పట్టుకొన్నచో బొగ్గువలె నలుపు. మొన్న ఈ వ్యాసము వ్రాయుచు విరిగిన అంచును దీపమునకు అడ్డముగా పట్టి చూచితిమి. అంచు పలుచనైన చోట నలుపు లేదు. చిక్కని ఆకుపచ్చ.